చిత్తూరు నుంచి కొండకు కాలినడక: లెక్క వేసుకోవలసింది రెండో రోజును

సంక్రాంతి సెలవుల్లో చిత్తూరు నుంచి తిరుమలకు నడిచి వెళ్లాలని మీ ఇంట్లో అయిదుగురు అనుకుంటున్నారనీ, వారిలో 58 ఏళ్ల మీ అమ్మగారు కూడా ఉన్నారనీ, ఆమెకు ఆరేళ్లుగా షుగరు ఉన్నా, మొక్కు మొక్కే కాబట్టి చెప్పులు లేకుండానే నడుస్తానని పట్టుబడుతున్నారనీ రాశారు. రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి, నడిచే రోజు ఎలా గడుస్తుంది, చివరికి అలిపిరి మెట్లు ఎక్కాలా లేక శ్రీవారి మెట్టు ఎక్కాలా అన్నవి మీ ప్రశ్నలు. మా ఊరి వాళ్లతో కలిసి నేను ఈ దారిలో 16 సార్లు బయలుదేరాను. వాటిలో రెండు సార్లు నడక ముగించలేక బస్సు ఎక్కి తిరుపతి చేరాను. ఆ రెండు సార్లూ నేను కూలబడింది రెండో రోజునే. మొదటి రోజు ఇంటి నుంచి తెచ్చుకున్న ఉత్సాహం ఉంటుంది, మూడో రోజు కళ్లెదుట కొండ ఉంటుంది; ఈ రెంటికీ నడుమ ఉన్న రోజుకు అటువంటి ఆసరా ఏదీ ఉండదు. అందువల్ల మీ ప్రశ్నలకు విడివిడిగా కాక, రెండో రోజు నడకను ముందు రాత్రి నుంచి వరుసగా చెబుతూ, సందర్భం వచ్చిన చోట ఒక్కొక్క దానికి జవాబు ఇస్తాను.

చిత్తూరు నుంచి తిరుపతికి రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లు. మేము బయలుదేరే ముందు రోజు సాయంత్రమే చిత్తూరు నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాణిపాకం చేరి, వరసిద్ధి వినాయకుడికి టెంకాయ కొట్టి, ఆ రాత్రి అక్కడే పడుకుంటాము. తొలి మొక్కు వినాయకుడికి చెల్లించినట్లూ ఉంటుంది, మరునాటి దూరమూ తగ్గుతుంది. మొదటి రోజు కాణిపాకం నుంచి పూతలపట్టు మీదుగా పాకాల వరకు సుమారు 26 కిలోమీటర్లు. రెండో రోజు పాకాల నుంచి గాదంకి, పనబాకం మీదుగా చంద్రగిరి వరకు దాదాపు 30 కిలోమీటర్లు. మూడో రోజు శ్రీనివాసమంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరుని దర్శించుకుని మెట్ల దారి పడతాము. మొదటి రోజు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. సంక్రాంతి ముందు మా వైపు చెరకు గానుగలు ఆడుతూ ఉంటాయి. బెల్లం వండే వాసన పొలాల మీదుగా రోడ్డు దాకా వస్తుంది, మామిడి తోటల్లో పూత మొదలై ఉంటుంది, అందరూ కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. ఆ కబుర్లలో పడి ఉన్న బలమంతా ఆ రోజే ఖర్చు పెట్టేసి, మధ్యాహ్నం రెండింటికల్లా పాకాల చేరామని గొప్పగా చెప్పుకునేవారిని ప్రతి ఏడాదీ చూస్తాను. మరునాడు వరుసలో చివర నడిచేది వారే.

రెండో రోజు నడక ముందు రాత్రి పాకాలలో, పాదాల దగ్గర మొదలవుతుంది. బస చేరగానే భోజనం గురించి ఆలోచించక ముందే పాదాలు కడుక్కుని, వేళ్ల సందుల్లో సైతం తడి లేకుండా తుడుచుకుని, వెలుతురులో కూర్చుని అరికాళ్లను, మడమలను, వేళ్ల పక్కలను చేతితో తడిమి చూసుకోవాలి. ఎర్రబడిన చోటు, తాకితే చురుక్కుమనే చోటు ఎక్కడున్నదో ఆ రాత్రే తెలియాలి. బొబ్బలు ఎక్కువ దూరం నడవడం వల్ల వస్తాయని అందరూ అనుకుంటారు కానీ, వాటికి మూలం ఒరిపిడి. చెమటకు నానిన చర్మం చెప్పుకో మేజోడుకో అంటుకుని నిలిచిపోతుంది, దాని లోపలి ఎముక మాత్రం ప్రతి అడుగుకూ ముందుకూ వెనుకకూ కదులుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు చర్మపు పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. కాబట్టి తడి లేకుండా చూసుకోవడం, ఒరిపిడి తగ్గించడం అన్న రెండు పనులే మన చేతిలో ఉన్నవి. పలుచని మేజోళ్లు రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడిగితే ఆ ఒరిపిడి చర్మానికి కాక రెండు మేజోళ్లకు మధ్య జరుగుతుంది. నూలు మేజోళ్లు చెమటను పీల్చుకుని వదలవు కనుక ఈ పనికి అంతగా ఒప్పవు. చిన్న బొబ్బను చిదపకూడదు. పెద్దదై అడుగు వేయనివ్వకపోతే, సూదిని స్పిరిటుతో తుడిచి, బొబ్బ అంచున గుచ్చి నీరు దిగనిచ్చి, పైచర్మాన్ని ఊడబెరకకుండా అలాగే ఉంచి, శుభ్రమైన కట్టు కట్టాలి. షుగరు ఉన్నవారి విషయంలో ఈ సొంత వైద్యం పనికిరాదు. వారి కాలి మీద బొబ్బ ఎంత చిన్నదైనా డాక్టరుకు చూపవలసినదే. కాలి గోళ్లను బయలుదేరే నాడు కాక, నాలుగు రోజుల ముందే అడ్డంగా నేరుగా కత్తిరించుకోవాలి. తొడలు ఒరుసుకోవడం గురించి ఎవరూ బయటికి చెప్పరు గానీ, నడక మానుకున్నవారిలో చాలామందిని ఇంటికి పంపింది అదే. పడుకునే ముందూ బయలుదేరే ముందూ కొబ్బరినూనె రాసుకుంటే ఆ బాధ ఉండదు.

తెల్లవారుజామున 3 గంటలకు లేచి 4 గంటలకల్లా రోడ్డు మీద ఉండాలి. చలికాలంలో అంత తొందర ఎందుకని కొత్తవారు అడుగుతారు. లెక్క చూడండి. 30 కిలోమీటర్లను గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఏడున్నర గంటల నడక. 4 నుంచి 9.30 వరకు విశ్రాంతులు పోను 18 కిలోమీటర్లు గడిస్తే, సాయంత్రానికి 12 మాత్రమే మిగులుతాయి. అదే 6 గంటలకు బయలుదేరితే, మిగిలిపోయిన ఆ రెండు గంటల దూరాన్ని నడి ఎండలో నడవాలి. జనవరిలో కూడా ఇక్కడ మధ్యాహ్నం 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, తారు అంతకన్నా ఎంతో ఎక్కువ కాగుతుంది. చీకట్లో నడిచిన గంట ఎండలో నడిచిన రెండు గంటల పెట్టు అని మా బృందంలో పెద్దవారు అనేవారు. నా అనుభవంలో ఆ లెక్క తప్పలేదు. బయలుదేరే ముందు కడుపు నిండా తినకూడదు, వట్టి కడుపుతోనూ కదలకూడదు. మేము మజ్జిగ, ఉప్పు కలిపిన రాగి అంబలి ఒక గ్లాసు తాగుతాము. నడక మొదలైన గంటకు చాలామందికి కాలకృత్యాల అవసరం పడుతుంది. ఆడవారు ఈ భయంతో నీళ్లు తాగడం మానేసి మధ్యాహ్నానికి నీరసపడిపోతారు. కాబట్టి దారిలోని పెట్రోలు బంకులు ఏవేవో ముందే కనుక్కుని, అక్కడ అందరూ ఆగుతారని మొదటే చెప్పండి. అడగడానికి మొహమాటపడేవారికి అది ఎంతో ఉపకారం.

జనవరి మధ్యలో సూర్యోదయం 6.40 ప్రాంతంలో అవుతుంది కనుక రెండున్నర గంటలకు పైగా చీకట్లో నడవవలసి ఉంటుంది. పూతలపట్టు, నాయుడుపేట రోడ్డు వెడల్పయిన తరువాత వాహనాల వేగం పెరిగింది, ఒకప్పటి చింతచెట్ల నీడ తగ్గింది. రోడ్డుకు కుడి పక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు మనకు కనబడేలా, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి. ముందున్నవారి చేతిలో తెల్ల దీపం, చివర ఉన్నవారి వీపుకు ఎర్ర దీపం, మిగిలినవారి సంచులకు వెలుగు పడితే మెరిసే టేపు ఉండాలి. పసుపు బట్టలు చీకట్లో లారీ డ్రైవరుకు బాగా కనిపిస్తాయనుకోవడం పొరపాటు. ఆ వేళలో గోవింద నామానికి మరొక ఉపయోగం కూడా ఉన్నది. ముందున్నవారు ‘ఏడుకొండలవాడా’ అన్నప్పుడు చివరి నుంచి ‘గోవిందా’ అన్న జవాబు ఎంత దూరం నుంచి వినబడిందో దానిని బట్టి వరుస ఎంత సాగిపోయిందో తెలుస్తుంది. జవాబు సన్నగిల్లిందంటే ముందున్నవారు ఆగాలి. అన్నింటికన్నా మంచి పద్ధతి, అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించడం. మీ అమ్మగారు ముందు నడిస్తే మీ అయిదుగురూ కలిసి చేరతారు. ఆమెను వెనుక ఉంచితే, మీరు ఆగి విశ్రాంతి తీసుకుని లేచే సమయానికి ఆమె వచ్చి చేరతారు, ఆమెకు మాత్రం విశ్రాంతి అన్నది దొరకదు.

గాదంకి చేరేసరికి తూర్పు తెల్లబడుతుంది. ఆకాశంలోని గాలుల కదలికలను కొలిచే పెద్ద రాడారు ఉన్న వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఇక్కడే ఉన్నది. మా బృందంలోని పిల్లలు ఈ రోజు ఎండ ఎంత ఉంటుందో లోపలికి పోయి అడిగి వద్దామని ప్రతిసారీ వేళాకోళం ఆడతారు. వేడి ఇడ్లీలు, కాఫీ దొరికే మొదటి చోట పావుగంట కూర్చుని, చెప్పులూ మేజోళ్లూ విప్పి పాదాలకు గాలి తగలనివ్వాలి. అక్కడి నుంచి గంటకు ఒకసారి అయిదు నిమిషాలు, రెండు గంటలకు ఒకసారి పావుగంట ఆగాలి. అలసట వచ్చాక ఆగుదామంటే ఆలస్యమైపోతుంది, గడియారం చూసి ఆగాలి. అరగంటకు మించి కూర్చుంటే మాత్రం పిక్కలు బిగుసుకుని, లేచిన తరువాతి మొదటి కిలోమీటరు నరకంగా ఉంటుంది.

నేను మొదటిసారి బస్సు ఎక్కిన సంగతి ఇక్కడే చెప్పాలి. అది నా మూడో యాత్ర. గాదంకి దాటిన కొంతసేపటికి కుడి మడమ వెనుక ఒక చోట వేడిగా, సన్నగా మంట పుట్టింది. ఆగి, ఆ చోట ప్లాస్టరు అంటించుకోవడానికి మూడు నిమిషాలు చాలు. అయితే నాకన్నా 20 ఏళ్లు పెద్దవాడైన మా మేనమామ ముందు హుషారుగా నడుస్తుంటే, వయసులో ఉన్న నేను రోడ్డు పక్కన కూర్చుని కాలు పట్టుకోవడం నామోషీగా తోచింది. పనబాకం చేరాక చూసుకుందామనుకున్నాను. పనబాకం చేరి చెప్పు విప్పేసరికి రూపాయి బిళ్ల కన్నా పెద్దదిగా చర్మం లేచిపోయి ఉన్నది. ఆ సాయంత్రం నేను బస్సులో తిరుపతి వెళ్లి, మరునాడు కొండ కింద కూర్చుని, మెట్లెక్కుతున్న మా వాళ్ల సంచులకు కాపలా ఉన్నాను. మంట పుట్టిన చోట ఇంకా బొబ్బ లేవదు. చర్మం మనకు ఇచ్చే గడువు అది, మహా అయితే అరగంట ఉంటుంది. మీ అయిదుగురిలో ఎవరు ‘ఒక్క నిమిషం’ అన్నా మిగిలిన నలుగురూ మారుమాట లేకుండా ఆగాలని బయలుదేరే ముందే ఒట్టు పెట్టుకోండి.

ఇక చెప్పులు లేని నడక. ఈ దారిలో వట్టి కాళ్లతో నడిచేవారు ఎందరో ఉన్నారు, నేను వారిని తక్కువ చేసి మాట్లాడను. చిన్నప్పటి నుంచి పొలాల్లో వట్టి కాళ్లతో తిరిగినవారి అరికాలు తోలులా గట్టిపడి ఉంటుంది. పట్నంలో నలభై ఏళ్లు చెప్పులతో తిరిగినవారికి ఆ అరికాలు మొక్కుకోగానే రాదు. వట్టి కాళ్లతో నడిచేవారిని గమనించండి, తొమ్మిది దాటిన తరువాత వారు రోడ్డు అంచున వేసిన తెల్లగీత మీదనే అడుగులు వేస్తారు, ఎందుకంటే నల్లని తారు కన్నా ఆ తెల్లరంగు తక్కువ కాగుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నపు తారు రోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి కొన్ని క్షణాల్లోనే చర్మం కాలుతుంది. జనవరిలో అంత ప్రమాదం లేకపోయినా గాజు పెంకులు, లారీ టైర్ల నుంచి ఊడిన ఇనుప తీగలు ఏడాది పొడవునా ఉంటాయి. మీ అమ్మగారి విషయంలో అసలు చిక్కు వేరే ఉన్నది. షుగరు ఏళ్ల తరబడి ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తెలియకుండానే తగ్గిపోతుంది. పైన చెప్పిన మంట, ఆ గడువు, వారికి అసలు తెలియకపోవచ్చు. గాజు పెంకు దిగినా సాయంత్రం పాదానికి అంటిన రక్తం చూశాకే తెలుస్తుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. కాబట్టి హైవే మీద ఆమె వట్టి కాళ్లతో నడవకూడదు అన్నదే నా ఖచ్చితమైన మాట. బయలుదేరే ముందు డాక్టరుకు పాదాలు చూపించి, రోజంతా నడిస్తే చక్కెర పడిపోకుండా మాత్రలు ఎలా వేసుకోవాలో అడిగి తెలుసుకోవాలి, కొంగున బెల్లం ముక్క ఎప్పుడూ ఉండాలి. మొక్కు మాటకొస్తే, మా బృందంలో ఒక పెద్దావిడకు సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. ఆమె తిరుపతి వరకు బూట్లతో నడిచి, మెట్ల దగ్గర వాటిని విడిచి, పసుపు కుంకుమ పెడుతూ మెట్టు మెట్టుకూ మొక్కుకుంటూ పైకి వెళ్లారు. ‘స్వామి కొండ మీద చెప్పులు వేయనన్నాను గానీ, లారీల రోడ్డు మీద కూడా వేయనని అన్నానా’ అని ఆమె నవ్వేవారు. మీ అమ్మగారికి ఈ మాట చెప్పి చూడండి.

తొమ్మిదిన్నర, పది గంటలకు పనబాకం ప్రాంతంలో నీడ చూసుకుని ఆగిపోవాలి. అక్కడి నుంచి చంద్రగిరి ఎంతో దూరం లేదు కదా, ఒక్క ఊపున వెళ్లిపోదాం అని ఎవరో ఒకరు తప్పక అంటారు; అది వినకూడదు. మధ్యాహ్నపు విరామం 3.30 వరకు. మేము ముందుగా మాట్లాడి పెట్టుకున్న తోటలోనో గుడి మండపంలోనో దిగి, మా సామాన్ల ఆటోలో వచ్చిన సంగటి, ఊరుబిండి, మజ్జిగ తీసుకుంటాము. రెండోసారి నేను బస్సు ఎక్కడానికి కారణం ఈ విరామంలోనే ఉన్నది. ఆ ఏడాది ఉపవాసం ఉందామని నియమం పెట్టుకుని ఉప్పు ముట్టలేదు, దాహం వేసినప్పుడల్లా నీళ్లు మాత్రం చెంబుల కొద్దీ తాగాను. మధ్యాహ్నానికి తల తిరిగింది, వాంతి అయింది, పిక్కలు మెలిపెట్టాయి. చెమటతో పోయిన ఉప్పును నీళ్లు తెచ్చి ఇవ్వవని, పైగా ఒంట్లో మిగిలిన ఉప్పును కూడా పలుచన చేస్తాయని ఆ తరువాత డాక్టరు చెబితే గానీ నాకు తెలియలేదు. ఉపవాస నియమం ఉన్నవారు కూడా ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మకాయ నీళ్లో తాగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు తెచ్చుకుంటే దాని మీద ఎంత నీటికి కలపాలని ఉన్నదో అంతే కలపాలి. లీటరు నీళ్లకు కలపవలసిన ప్యాకెట్టును ఒక గ్లాసులో కలిపి తాగితే మేలుకు బదులు కీడు జరుగుతుంది, షుగరు ఉన్నవారు దానిని కూడా డాక్టరును అడిగే వాడాలి. భోజనం తరువాత సంచి మీద కాళ్లు ఎత్తుగా పెట్టుకుని రెండు గంటలు పడుకోండి. నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు, కాళ్ల వాపు దిగుతుంది.

సాయంత్రం నడక మొదటి అరగంట ఎవరికీ సుఖంగా ఉండదు. ఆ అరగంటలోనే ‘ఇక నావల్ల కాదు’ అన్న మాట వస్తుంది. నేను ఆ మాట అన్నవారికి జవాబు చెప్పను. సంచి తీసుకుని నా భుజానికి వేసుకుంటాను, ఇంకొక కిలోమీటరు నడిచాక అడుగు అంటాను. కీళ్లు సాగిన తరువాత చాలామంది మళ్లీ ఆ మాట ఎత్తరు. ఎత్తినవారిని మాత్రం నిలబెట్టి ఆటో ఎక్కించాలి, బతిమాలి నడిపించకూడదు. పనబాకం దాటాక ఉత్తరాన శేషాచలం కొండల వరుస కనబడుతుంది, పొద్దు వాలే వేళకు వాటి రాతి గోడలు ఎర్రబడతాయి. ఎవరూ చెప్పకుండానే వరుసలో మాటలు ఆగిపోయేది ఆ చోటనే. ఆరు, ఆరున్నరకు చంద్రగిరి కోట కొండ కిందికి చేరితే ఆ రోజు ముగిసినట్లే. బస మాత్రం ముందుగానే మాట్లాడుకుని ఉండాలి. 30 కిలోమీటర్లు నడిచి వచ్చిన కాళ్లతో గది కోసం తిరగడం కన్నా కష్టం మరొకటి లేదు. ఒక ఏడాది ఫోనులో సరే అన్న సత్రంవారు, మేము వెళ్లేసరికి పెళ్లివారికి ఇచ్చేశామన్నారు. అప్పటి నుంచి ఉదయం ఆటో వెళ్లి తాళం చేతికి తీసుకున్నాకే మేము మధ్యాహ్నపు విరామం నుంచి లేస్తాము.

ఇక మెట్ల సంగతి. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లు, సుమారు 2 కిలోమీటర్లు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. అంకెలు చూసి శ్రీవారి మెట్టు సులువని అనుకుంటారు. అది దూరంలో చిన్నదే గానీ, మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఎక్కుడే, మధ్యలో కాలు సాగే చదును తక్కువ. అలిపిరిలో సగానికి పైగా మెట్లు గాలిగోపురం లోపే అయిపోతాయి. ఆ తరువాత చాలా దూరం దాదాపు చదునుగా నడిచి, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిట్టనిలువు ఎక్కుడు వస్తుంది. చంద్రగిరి వైపు నుంచి వచ్చేవారికి శ్రీవారి మెట్టు దగ్గర, తిరుపతి ఊరి రద్దీలో పడవలసిన పని లేదు, శ్రీనివాసమంగాపురం దారిలోనే ఉన్నది. మీ నలుగురికీ నా సలహా అదే. కృష్ణదేవరాయలు చంద్రగిరి నుంచి ఈ దారినే కొండకు ఎక్కేవారని మా వైపు చెప్పుకుంటారు. మీ అమ్మగారి మోకాళ్లకు మాత్రం అలిపిరి మేలు: కూర్చునే చోట్లు, దుకాణాలు ఎక్కువ, ఎక్కుడు తరువాత చదును ఉండడం వల్ల ఊపిరి కుదుటపడుతుంది. పాదాల మండపం దగ్గర స్వామి పాదుకలను తలమీద పెట్టుకుని మొక్కుకోవడం కూడా ఆమెకు దక్కుతుంది. ఏ దారి అయినా, ఎక్కేటప్పుడు పాదం మొత్తాన్ని మెట్టు మీద ఆనించి, నేరుగా కాక కొంచెం ఐమూలగా, పక్క నుంచి పక్కకు నడిస్తే పిక్కల మీద భారం తగ్గుతుంది. దిగేటప్పుడు మోకాళ్లు ఎక్కువ దెబ్బతింటాయి కనుక బస్సులోనే దిగండి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చిన తరువాత దిగుడు నడక ఎవరికీ తప్పనిసరి కాదు. సంచులను కింద దేవస్థానం కౌంటరులో ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు.

2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైపోయిన తరువాత పిల్లలతో వెళ్లే వేళల మీద, రాత్రి నడక మీద ఆంక్షలు వచ్చాయి. శ్రీవారి మెట్టు దారి రాత్రి తెరిచి ఉండదు. ఆ వేళలనూ, కాలినడక భక్తులకు ఇచ్చే టోకెన్ల పద్ధతినీ తితిదే అప్పుడప్పుడు మారుస్తూ ఉంటుంది కనుక బయలుదేరే వారంలో ఒకసారి చూసుకుని, ఆధార్ కార్డులు అందరూ దగ్గర ఉంచుకోండి. ముందుగానే 300 రూపాయల దర్శనం టికెట్లు తీసుకునేట్లయితే, మూడో రోజు సాయంత్రానికి కాక నాలుగో రోజుకు తీసుకోండి. గంట ముంచుకొస్తున్నదని మెట్లెక్కేవారు దారిలో ఏదీ చూడరు, మంట పుట్టినా ఆగరు.

మీ అమ్మగారు మొత్తం దూరం నడవగలరా అన్న దానికి ఇప్పుడే అవుననీ కాదనీ చెప్పను. నేనైతే ఆమెను రోజూ తెల్లవారి నడక మాత్రం నడిపించి, సాయంత్రం సామాన్ల ఆటోలో తీసుకువెళతాను. అలా కూడా రెండు రోజులకు 30 కిలోమీటర్లకు పైగా అవుతుంది. ఆమె అందుకు ఒప్పుకోకపోతే ఒక పరీక్ష ఉన్నది. సంక్రాంతికి నెల ముందు, ఒక శనివారం తెల్లవారుజామున ఆమె వేసుకోబోయే ఆ బూట్లతోనే చిత్తూరు నుంచి కాణిపాకం నడవండి, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం తెల్లవారుజామున తిరిగి నడిచి రండి. శనివారం నడక చూసి ఏదీ నిర్ణయించుకోవద్దు. ఆదివారం ఇంటికి చేరాక ఆమెను కూర్చోబెట్టి, మేజోళ్లు విప్పి, మడమలూ అరికాళ్లూ మీరే స్వయంగా చూడండి. ఎక్కడా ఎర్రదనం లేకపోతే పాకాల నుంచి చంద్రగిరి వరకు ఆమెనే ముందు నడవనివ్వండి, ఉంటే పనబాకంలో ఆటోను సిద్ధంగా ఉంచండి.